మెదడు వాపు – మందుల పొత్తు – మూగజీవుల సాక్ష్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయ రజతోత్సవమున కావ్యములను గూర్చియో, పురాణములను గూర్చియో ప్రసంగించుట వాడుక. నేటి ప్రసంగ విషయము వేరు. మెదడు వాచినపుడు చేయు చికిత్స, ఆ చికిత్సలో ఒక మందునకు మరియొక మందుతో కలుగు పొత్తు, పోరు, ఆ మర్మము మూగజీవులపై జరిపిన పరీక్షలవలన మానవునకు తెలిసిన తీరు – ఇదియే నేటి విషయము. పత్తియు మిరపయు పండు పల్లెలో ఈ ప్రస్తావన ఏల యని కొందరికి తోచవచ్చును. పురుగుమందు డబ్బా లేని రైతు ఇల్లు ఈ గుంటూరు, ప్రకాశము మైదానములలో అరుదు. మూర్ఛకు మాత్రలు వేసికొనువారు ప్రతి గ్రామమునను కలరు. మోటారు సైకిలు మీదినుండి పడి తలకు దెబ్బ తగిలించుకొన్నవారి కథ వినని చెవి లేదు. పురుగుమందు ఒంటికి పట్టినను, మూర్ఛ విడువకున్నను, తలకు దెబ్బ తగిలినను, ప్రాణము మీదికి వచ్చునది తరచుగా ఒక్క త్రోవనే: మెదడు వాచుట. త్రోవలు మూడు, వాకిలి ఒకటి. ఆ వాకిట నిలిచి రోగిని వెనుకకు లాగు వైద్యునకు, రోగి శరీరములో అంతకుమునుపే ఏయే మందులు, ఏయే విషములు ఉన్నవో తెలియవలెను. తెలుపవలసినవారు ఇంటివారు. కావున ఈ విషయము పల్లెకు పరాయిది కాదు.

ముందుగా ఒక మాటను విప్పి చెప్పవలెను. 'మెదడువాపు' అనగానే జనులకు దోమకాటువలన వచ్చు జపనీస్ ఎన్సెఫలైటిస్ అను జ్వరము తోచును. ఇక్కడ ఆ పదమునకు విస్తృతార్థము. దెబ్బవలన గాని, కంతివలన గాని, క్షయవలన గాని, విషమువలన గాని, ఎడతెగని మూర్ఛవలన గాని మెదడులో నీరు చేరి అది ఉబ్బుటయే ఇక్కడ మెదడు వాపు.

వ్యాసభారతమున ఆదిపర్వమందు భీమసేనుని బాల్యకథ యొకటి కలదు. దుర్యోధనుడు భక్ష్యములలో విషము కలిపించి భీమునకు పెట్టించి, ఒడలు తెలియక పడియున్న వానిని తీగలతో బంధించి గంగలో త్రోయించెను. నీటి యడుగున నాగులు వానిని కరచినవి. ఆ నాగుల విషము కడుపులోని విషమును విరిచినది. భీముడు మేల్కొని బంధములు త్రెంచుకొనెను. కథను కథగానే గ్రహింపవచ్చును. దానియందలి ఊహ మాత్రము గొప్పది: ఒక శరీరమున రెండు విషములు కూడినపుడు అవి రెండింతలు కానక్కరలేదు, ఒకటి మరియొకదానిని చంపవచ్చును.

ఇందుకు విపర్యయమును చరకసంహిత చెప్పినది. సూత్రస్థానమున విరుద్ధాహార ప్రకరణమందు, తేనెయు నెయ్యియు సమభాగములుగా కూడరాదనియు, చేపలును పాలును కూడరాదనియు విధి యున్నది. విడివిడిగా పథ్యములైనవి కలసినపుడు అపథ్యము లగునని భావము. ఆ ఉదాహరణము లన్నియు నేటి పరీక్షకు నిలుచునా యనునది వేరు ప్రశ్న. గుణము ద్రవ్యమునందే గాక కూడికయందును ఉన్నదని పూర్వులు గుర్తించిరి. ఎంత, దేనితో, ఎప్పుడు – ఈ మూడు ప్రశ్నలే నేటి ఔషధశాస్త్రమునకును పునాది.

ఇక మెదడు సంగతి. కాలు వాచిన చర్మము సాగును, చేయి వాచిన కడియము తీయుదురు. మెదడు వాచిన సాగుటకు చోటు లేదు. పుర్రె ఎముకల పెట్టె. అందులో ఉన్నవి మూడే: మెదడు, నెత్తురు, మెదడు చుట్టునుండు నీరు. ఈ మూటిలో ఒకటి పెరిగిన తక్కినవి తగ్గవలెను. తగ్గుటకు వీలులేనినాడు లోపలి ఒత్తిడి పెరుగును. ఈ సూత్రమునకు స్కాట్లండు వైద్యులైన అలెగ్జాండర్ మన్రో 1783లోను, జార్జి కెల్లీ 1824లోను దారి చూపిరి. కాలువ శిస్తు లెక్క తెలిసినవారికి ఇది సులభముగా బోధపడును: వచ్చిన నీరు, పోయిన నీరు, నిలిచిన నీరు సరిపోవలెను. ఒత్తిడి పెరిగినపుడు గుండెనుండి మెదడునకు నెత్తురు ఎక్కదు. నెత్తురు అందని మెదడు మరింత వాచును. వాపు వాపును పెంచు ఈ చక్రమును త్రెంచుటయే చికిత్స.

వాపు అంతయు ఒక తెగ కాదని 1967లో ఇగోర్ క్లాట్జో అను శాస్త్రజ్ఞుడు విడదీసి చూపెను. నెత్తుటి నాళముల గోడలు సడలి వాటినుండి నీరు ఊరివచ్చి మెదడున చేరుట ఒక రకము. కంతి చుట్టు కనబడునది ప్రధానముగా ఇట్టిది. గాలి అందకయో, విషము తగిలియో కణములే నీరు త్రాగి ఉబ్బుట రెండవ రకము. చలిచే మెదడు పైపొరను గాయపరచిన జంతువులను చూచియే ఈ భేదము చాలవరకు తెలిసినది. ఒక రకమునకు పనిచేయు మందు రెండవదానికి పనిచేయదు. ఈ భేదము జ్ఞాపక ముంచుకొన్నవారికి తరువాతి కథ యంతయు అర్థమగును.

మొదటి సాక్షి పిల్లి. 1919లో అమెరికాలో వీడ్, మెక్కిబెన్ అను ఇద్దరు, మత్తులోనున్న పిల్లుల సిరలలోనికి గాఢమైన ఉప్పునీటిని ఎక్కించి చూచిరి. మెదడు కుంచించుకొనిపోయినది. ఉప్పు లేని వట్టి నీటిని ఎక్కింపగా మెదడు ఉబ్బినది. ఇందలి మర్మము ఈ సీమ గృహిణులకు క్రొత్త కాదు. పండుమిరప కాయలకును, మామిడి ముక్కలకును ఉప్పు పట్టించిన జాడిలో నీరు ఊరును, ముక్క బిగిసిపోవును. నెత్తుటిలో గాఢత పెరిగిన మెదడులోని నీరు అట్లే నెత్తుటిలోనికి ఊరివచ్చును. ఈ సూత్రము మీదనే 1950ల దశకమున యూరియాయు, 1960ల దశకమున మానిటాల్ అను ఒక చక్కెర జాతి పదార్థమును వైద్యశాలలకు వచ్చినవి. నేటికిని తలకు దెబ్బ తగిలి ఒత్తిడి పెరిగినవానికి మానిటాల్ సీసా వ్రేలాడదీయుదురు.

అంతట మందుల పొత్తు ప్రశ్న పుట్టినది. మానిటాల్ నీటిని మెదడునుండి నెత్తుటిలోనికి లాగును. మూత్రమును పెంచు ఫ్యూరోసెమైడ్ ఆ నీటిని నెత్తుటినుండి వెలికి పంపును. రెండింటిని కూర్చిన నేమగును? 1983లో అమెరికాలో కుక్కలపై ఈ పరీక్ష జరిగినది. మానిటాల్ ఒక్కదానికంటె రెండును కలసినపుడు ఒత్తిడి అధికముగా తగ్గుటయే గాక, ఆ తగ్గుదల చాలసేపు నిలిచినది. రెండవ మందు ఇచ్చు సమయమును బట్టియు ఫలము మారినది. దేనితో అన్నంత ముఖ్యము ఎప్పుడు అనునది. ఈ పొత్తునకు మూల్యము లేకపోలేదు. రెండు త్రోవల నీరు పోవుటచే శరీరము ఎండిపోవును, లవణములు తారుమారగును, రక్తపు పోటు పడిపోవును. అది పడిపోయిన మెదడునకు నెత్తురు అందదు. తగ్గించిన వాపే తిరిగి వచ్చును. కావున ఈ కూర్పును ఆసుపత్రిలో మూత్రమును, లవణములను కొలుచుచు వైద్యులే నడపుదురు.

ఒకే మందు తనతో తానే పోరుటయు కలదు. 1992లో పిల్లులపై జరిపిన పరీక్షలో, గాయపడిన మెదడునకు మానిటాల్ పదేపదే ఇచ్చినపుడు వాపు పెరిగినది. సడలిన నాళముల గోడలగుండ మానిటాల్ మెదడులోనికే చేరి, అక్కడ నిలిచి, నీటిని తనవైపు లాగుకొన్నది. జాడిలోని ఉప్పు ముక్కలోనికి దిగినట్లయినది. మొదటి మోతాదు మిత్రము, అయిదవ మోతాదు శత్రువు. 'ఎంత' యను ప్రశ్నకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకదు.

ఇక కాలేయమున జరుగు పోరు. మూర్ఛకు ఫెనిటాయిన్ అను మందు పేరుపొందినది. 1930ల దశకమున మెరిట్, పట్నము అను అమెరికను వైద్యులు పిల్లులకు విద్యుత్తుతో మూర్ఛ కలిగించి, ఏ మందు దానిని ఆపునో వరుసగా పరీక్షించి, దీనిని కనుగొని 1938లో లోకమునకు తెలిపిరి. మెదడులో కంతి యున్నవారికి కంతి చుట్టునున్న వాపును తగ్గించుటకు డెక్సామెథసోన్ అను స్టీరాయిడు గొప్పగా పనిచేయునని 1961లో తేలినది. కంతి యున్నవానికి మూర్ఛయు వచ్చును. కావున ఈ రెండు మందులును ఒకే రోగికి ఇచ్చుట సహజము. రెండును మంచివే. రెండును కూడినపుడు మాత్రము ఒకటి మరియొకదానిని తినివేయును.

ఎట్లన, మందులను విరిచి వెలికి పంపు పని కాలేయమునది. అందులకు అక్కడ ఎంజైములను పనివాండ్రు కలరు. కొన్ని మందులు కాలేయమును మేల్కొలిపి ఆ పనివాండ్ర సంఖ్యను పెంచునని 1950ల దశకమున ఎలుకలపై జరిపిన పరీక్షలలో కనబడినది. నిద్రమందు ఇచ్చిన ఎలుక ఇంతసేపు నిద్రించునని లెక్క యున్నది. ముందుగా కొన్ని దినములు ఫెనోబార్బిటోన్ ఇచ్చిన ఎలుక ఆ లెక్కకు ముందే లేచి కూర్చుండినది. నిద్రమందు వీర్యము తగ్గలేదు. దానిని విరుచు చేతులు పెరిగినవి. ఫెనిటాయిన్ చేయు పనియు ఇదే. అది వాడుచున్న మనుష్యునిలో డెక్సామెథసోన్ నిలుచు కాలము సుమారు సగమునకు తగ్గునని తరువాత కొలిచిరి. చీటీలో మోతాదు వ్రాసినంతయు ఉన్నది. నెత్తుటిలో సగమే యున్నది. జమ పద్దు సరిగానే కనబడును, రొక్కము మాత్రము పెట్టెలో లేదు. వాపు తగ్గకపోగా, స్టీరాయిడు పనిచేయలేదని భ్రమ కలుగును.

క్షయ మెదడు పొరలకు సోకినపుడును ఇదే చిక్కు వచ్చును. ఆ రోగమున క్షయమందులతోపాటు డెక్సామెథసోన్ ఇచ్చినవారిలో మరణములు తగ్గినవని 2004లో వియత్నాము పరీక్ష చూపినది. క్షయకు మూలబలమైన రిఫాంపిసిన్ కాలేయపు పనివాండ్రను పెంచుటలో ఫెనిటాయిన్‌కంటె తక్కువది కాదు. మూర్ఛమందు, క్షయమందు, వాపుమందు ఒకే కంచమున పడిన రోగికి మోతాదు నిర్ణయించుట సామాన్యమైన పని కాదు. కాలేయమును అంతగా కదిలింపని మూర్ఛమందులు నేడు వచ్చినవి. ఆ ఎంపికకు వైద్యునకు మొదట కావలసినది రోగి పూర్వము వాడిన మందుల జాబితా.

మెదడునకు ఒక కావలి కలదు. నెత్తుటిలోని ప్రతి పదార్థమును అది లోనికి రానీయదు. గాఢద్రవమును నేరుగా మెదడు ధమనిలోనికి ఎక్కించిన ఆ కావలి కొంతసేపు తలుపు తీయునని 1970ల దశకమున జంతువులపై స్థిరపడినది. ఆ తలుపు తీసినవేళ కంతిని చంపు మెథోట్రెక్సేట్‌ను లోనికి పంపు చికిత్స పుట్టినది. మెథోట్రెక్సేట్ వంశము లెడర్లీ ప్రయోగశాలలో, భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున వెలసినది. ఒక తెలుగువాని శ్రమఫలము మెదడు గడప దాటుటకు మానిటాల్ తలుపు తీయుట మందుల పొత్తునకు శుభోదాహరణము. మరల, తెరచిన తలుపు మిత్రునకే గాక శత్రువునకును తెరచినదే యగునని మరువరాదు.

ఇప్పుడు పొలమునకు వత్తము. 1987–88 పంటకాలమున ఈ మండలముల పత్తిపై తెల్లదోమ విరుచుకొనిపడినది. కొట్టిన మందు పనిచేయక, మరియొకటి కలిపి కొట్టి, అదియు చాలక మూడవది కలిపి కొట్టిరి. పంట పోయినది, అప్పు మిగిలినది. దుఃఖము భరింపలేక ప్రాణములు విడిచిన రైతులను ఈ సీమ మరువలేదు. 2021–22లో మిరపపై నల్లతామర పురుగు వచ్చినపుడును డ్రమ్ములలో అదే కలుపు సాగినది. ఒక మందు ఒక వంతు, రెండవది ఒక వంతు, వెరసి రెండు వంతులని రైతు లెక్క. శరీరము వేయు లెక్క వేరు.

1957లో అమెరికా ప్రభుత్వ శాస్త్రజ్ఞులు మాలథియాన్, ఇ.పి.ఎన్. అను రెండు పురుగుమందులను కుక్కలకును ఎలుకలకును విడివిడిగాను, కలిపియు ఇచ్చి చూచిరి. కలిపినపుడు విషము కూడికకు మించి అనేక రెట్లు పెరిగినది. మాలథియాన్‌ను విరిచి నిర్వీర్యము చేయు ఎంజైమొకటి జంతువుల శరీరమున కలదు, ఇ.పి.ఎన్. ఆ ఎంజైమును కట్టివేసినది. కావలివాని చేతులు కట్టిన పిమ్మట దొంగకు అడ్డేమి? నేడు అంగళ్లలో దొరకు ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ మిశ్రమము పురుగులపై బలముగా పనిచేయుటకు కారణములలో ఇట్టిదే యొకటి: మొదటిది పురుగు శరీరమునందలి కావలిని కట్టివేయగా రెండవది నిరాటంకముగా నాటును. మనుష్యుని శరీరమునను ఆ జాతి ఎంజైములే కలవు. ముసుగు లేక, చొక్కా తడిసి, గాలికి ఎదురుగా మందు కొట్టువాడు తెలియకయే ఆ పరీక్షకు తానే జంతువగుచున్నాడు.

పెద్దలకు తెలిసిన ఫాలిడాల్ మొదలు క్లోరోపైరిఫాస్ వరకు గల భాస్వర జాతి మందులు నరముల సంధులందు ఒక ఎంజైమును కట్టివేయును. అప్పుడు చెమట, చొంగ, కనుపాప సూదిమొనయంత యగుట, ఊపిరితిత్తులలో నీరు, కండరములు అదురుట, చివరకు మూర్ఛ. ఊపిరి అందక మెదడు వాచును. మూర్ఛ ఆగక మరియు వాచును. దీనికి విరుగుడు అట్రోపిన్. ఉమ్మెత్తలోని విషములలో అదియు నొకటి. విషమే విషమునకు విరుగుడైనది.

ఈ సత్యమునకు తొలి సాక్షి కుందేలు. ఎడింబరోలో థామస్ ఫ్రేజర్ అను వైద్యుడు 1870ల ఆరంభమున, భాస్వర మందులవలెనే నరసంధులపై పనిచేయు కలబారు గింజ విషమును కుందేళ్లకు ఇచ్చి, దానిపై అట్రోపిన్‌ను తూచి చూచెను. చచ్చిపోవలసిన కుందేలు బ్రతికినది. అట్రోపిన్ తక్కువైన బ్రతుకలేదు, ఎక్కువైనను బ్రతుకలేదు, ఆలస్యమైనను బ్రతుకలేదు. ఎంత, దేనితో, ఎప్పుడు అను మూడు ప్రశ్నలను పటము గీచి చూపిన తొలివారిలో ఆయన యొకడు.

కట్టుబడిన ఎంజైమును విడిపించు ప్రాలిడాక్సిమ్ 1955లో విల్సన్, గిన్స్‌బర్గు అను శాస్త్రజ్ఞుల కృషివలన వచ్చినది. అట్రోపిన్‌తో కూడినపుడు ఇది జంతువులలో ఒక్కొక్కదాని బలమునకు మించిన రక్షణ నిచ్చినది. అయితే ఇదే ప్రాలిడాక్సిమ్, కార్బరిల్ అను వేరొక జాతి పురుగుమందు మ్రింగిన జంతువులకు ఇచ్చినపుడు కీడు చేసినది. లక్షణములు చూడ రెండు విషములకును ఒకటే. విరుగుడు మాత్రము ఒకదానికి మిత్రము, రెండవదానికి శత్రువు. డబ్బా మీది పేరు తెలియనిదే వైద్యుడు దీనిని తేల్చుట కష్టము.

మూర్ఛ విషయమున మరియొక ఆశ్చర్యము కలదు. సామాన్యమైన మూర్ఛకు మేలుచేయు ఫెనిటాయిన్, భాస్వర జాతికే చెందిన యుద్ధవిషములచే మూర్ఛ వచ్చిన గినీపందులలో నిష్ఫలమైనది. డయజిపామ్ వంటివి పనిచేసినవి. అవియు తొలి నిమిషములలో ఇచ్చినపుడు బాగుగను, ఆలసించిన కొలది తక్కువగను పనిచేసినవి. మూర్ఛను వెంటనే ఆపిన జంతువు మెదడు చాలవరకు చెడకుండ నిలిచినది. ఇంటిలో ఎవరికో వ్రాసిన మూర్ఛమాత్రను విషము తగిలినవాని నోట వేయుట ఎంత వ్యర్థమో దీనివలన తెలియును. చేతిలో తాళపుచెవులు పెట్టి కూర్చుండుట అంతకంటె వ్యర్థము, పోవునది కాలము.

నొప్పికి ఇచ్చు మార్ఫిన్, నిద్రమాత్రలు, సారా – ఇవి ఊపిరిని మందగింపజేయును. ఊపిరి మందగించిన నెత్తుటిలో బొగ్గుపులుసు వాయువు పెరుగును. అది పెరిగిన మెదడు నాళములు విచ్చుకొని నెత్తురు నిండి, పెట్టెలో ఒత్తిడి పెరుగును. తలకు దెబ్బ తగిలినవానికి మత్తు పదార్థము ఇచ్చుట వాచిన మెదడుపై బరువు పెట్టుటయే.

ఇంతవరకు మూగజీవులు చెప్పిన సాక్ష్యము. సాక్షి చెప్పినదంతయు తీర్పు కాదు. తలకు దెబ్బ తగిలిన జంతువులలో స్టీరాయిడులు మేలుచేసినట్లు పలు పరీక్షలు చూపగా, మనుష్యులకును వాటిని ఎన్నో ఏండ్లు వాడిరి. తుదకు పలు దేశములలో 10,008 మంది రోగులపై జరిగిన గొప్ప పరీక్ష ఫలితము 2004లో వెలువడినది. స్టీరాయిడు పొందినవారిలో రెండు వారములలోపల చనిపోయినవారు నూటికి 21.1, పొందనివారిలో 17.9. మేలు లేదు సరికదా, కీడు కలిగినది. కంతి వాపునకు అమృతమైనది దెబ్బ వాపునకు గరళమైనది. దోమకాటు మెదడువాపు జ్వరమునను డెక్సామెథసోన్ మేలుచేయలేదని 1992లో థాయిలాండు పరీక్ష తెలిపినది. ప్రాలిడాక్సిమ్ కథయు ఇట్టిదే: 2006లో మహారాష్ట్రమునందలి బారామతిలో ఎడతెగక ఎక్కించిన పెద్ద మోతాదు మేలు చూపగా, 2009లో శ్రీలంకలో జరిగిన పరీక్షలో మేలు కనబడలేదు. ఎలుకకు విషమిచ్చిన నిమిషము పరీక్షకునికి తెలియును, విరుగుడు చేతిలో సిద్ధముగా ఉండును. రైతు ఆసుపత్రికి చేరుసరికి గంటలు గడచును. త్రాగినది ఒకటో రెండో తెలియదు. దారిలో ఎవరేమి పోసిరో తెలియదు. జంతువు చెప్పినది అబద్ధము కాదు. అది చెప్పిన షరతులు పల్లెలో కుదురలేదు. మానవుడు ఆ షరతులను ఎంతవరకు కుదుర్చుకొనునో అంతవరకే ఆ జంతువు ప్రాణము సార్థకము.

ఆ ప్రాణముల విషయమున ఋణభావము ఉండవలెను. భారతదేశమున 1960లో జంతువులపై క్రూరత్వమును నిరోధించు చట్టము వచ్చినది. ప్రయోగశాలలలోని పరీక్షలపై పర్యవేక్షణకు అది దారి వేసినది. గృహస్థునకు విధించిన పంచయజ్ఞములలో భూతయజ్ఞ మొకటి. సకల ప్రాణులకును గృహస్థుడు బాకీపడియున్నాడని దాని భావము. పిల్లి, కుందేలు, కుక్క, ఎలుక చెప్పిన సాక్ష్యమును చదివి, ఆచరింపక పక్కన పెట్టుట ఆ బాకీని ఎగవేయుటయే.

ఆచరింపవలసినవి కొలదిగనే కలవు. పురుగుమందు సోకినవానిని, మ్రింగినవానిని ఆసుపత్రికి తీసికొనిపోవునపుడు మందు డబ్బానుగాని, దాని చీటీనిగాని తప్పక వెంట తీసికొనిపోవలెను. తడిసిన బట్టలు తీసివేసి ఒడలు కడుగవలెను. కడుగువారు తమ చేతులు కాపాడుకొనవలెను. స్పృహ తప్పినవానిని ప్రక్కకు పరుండబెట్టవలెను. నోట ఏమియు పోయరాదు, బలవంతముగా కక్కింపరాదు. 108కి వెంటనే తెలుపవలెను. మూర్ఛకు, క్షయకు, రక్తపు పోటునకు వాడుచున్న మాత్రల పట్టీని, నాటుమందులతో సహా, దాచక వైద్యునకు చెప్పవలెను. మూర్ఛమాత్రలను తనంత తాను హఠాత్తుగా మానరాదు, స్టీరాయిడును అంతే. తలకు దెబ్బ తగిలినవానికి మత్తు పదార్థము ఇయ్యరాదు. వ్యవసాయాధికారి చెప్పనిదే రెండు మందులను ఒక డ్రమ్ములో కలుపరాదు.

ఈ ఆచరణమునకు గ్రంథాలయము చేయగల సాయము పెద్దది. వేటపాలెమున సారస్వత నికేతనము 1918లో వెలసిననాటినుండి ఈ ప్రాంతమున గ్రంథాలయము ఊరి కన్ను అనిపించుకొన్నది. ప్రతి పురుగుమందు డబ్బాపై చట్టము ప్రకారము రంగుల గుర్తు కలదు: ఎరుపు అతి తీవ్ర విషము, పసుపు తీవ్ర విషము, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. వెంట వచ్చు కాగితమున విరుగుడు పేరు అచ్చువేసియుండును. ఆ కాగితము కంటికి ఆనని అక్షరములలో ఉండును; చదువురాని కూలివాడు దానిని చించి పారవేయును. సాయంకాలము గ్రంథాలయపు అరుగుమీద కాళిదాసును చదువు యువకులు వారమున కొకమారు ఆ కాగితములను పెద్దగా చదివి వినిపింతురుగాక. ఊరిలో అమ్ముడగు మందుల పేర్లు, వాటి జాతి, విరుగుడు పెద్ద అక్షరములతో వ్రాసిన పలక యొకటి గోడపై వ్రేలాడదీయుదురుగాక. దీర్ఘరోగులు తమ మందుల పేర్లు వ్రాసి జేబులో ఉంచుకొనుటకు ఒక చిన్న పుస్తకమును గ్రంథాలయమే ఇచ్చునుగాక. ఆపద వేళ ఆ చిన్న పుస్తకము వైద్యుని చేతికి అందిన, 'ఎంత, దేనితో' అను రెండు ప్రశ్నలకు జవాబు అప్పుడే దొరకును. 'ఎప్పుడు' అను మూడవది ఊరివారి కాళ్ల వేగమున నున్నది.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, శతజయంతిని చూచుగాక. శుభం భూయాత్.